సాక్షి రాని వాయిదా

వాక్యభాగములు: లూకా 18:1-8, లేవీయకాండము 5:1



 బరంపురంలోను, ఛత్రపురం, ఆస్కా, గోపాలపురం ప్రాంతములలోను కాపురమున్న మన తెలుగు కుటుంబములకును, ఈ గంజాం జిల్లా నుండి మగ్గాల పనికి సూరత్ వరకు వెళ్ళియున్న మన సహోదరులకును దేవుని సమాధానము తోడైయుండును గాక.

ఈ మధ్య ఏ ఇంట కుటుంబ ప్రార్థనకు వెళ్ళినను ఒకే విన్నపము వినబడుచున్నది. గ్యాసు బండ పోయినది. నీళ్ళ మోటారు పోయినది. క్రిస్మసుకు ఊరికి వెళ్ళి వచ్చేసరికి తలుపు తాళము పగిలియున్నది. తీసినవాడెవడో వీధి అంతటికి తెలుసు. పోలీసులు పట్టుకొని వెళ్ళుదురు. రెండు నెలలైనా తిరగకుండ వాడు మరల అదే టీ కొట్టు బల్ల మీద కూర్చుండును. "ఒగ్గీసినారు అయ్యగారూ, మళ్ళీ ఒగ్గీసినారు. ఇంక కేసెట్టి ఏటి లాభం?" అని పలాస నుండి వచ్చి ఇక్కడ ఇడ్లీ బండి నడుపుకొను ఒక సహోదరుడు నన్నడిగినాడు. 2025 అక్టోబరులో బరంపురంలో పేరుగల ఒక న్యాయవాదినే ఇంటి దాపున కాల్చి చంపినప్పుడు, కోర్టులో వాదించువానికే దిక్కు లేకపోతే మనబోటి వారికేమి గతి అని చాలమంది బెంగపడినారు.

ప్రియులారా, ఈ మాట విశ్వాసులు పలుకరానిదని నేను చెప్పను. బైబిలులోనే ఈ మాట ఉన్నది. హబక్కూకు ప్రవక్త తన గ్రంథమును ఈ ఫిర్యాదుతోనే మొదలుపెట్టినాడు: బలాత్కారము జరుగుచున్నది, ధర్మశాస్త్రము పని చేయుట లేదు, న్యాయము వంకరగా బయటికి వచ్చుచున్నది అని దేవునికే మొరపెట్టినాడు. ప్రసంగి 8:11లో జ్ఞాని మరియొక సంగతి చెప్పినాడు. చెడ్డపనికి శిక్ష త్వరగా పడని యెడల మనుష్యులు భయము విడిచి చెడుగు చేయుటకు తెగింతురని. మన వీధిలో జరుగుచున్నది అదే. కాబట్టి విసుగు కలుగుట పాపము కాదు. ఆ విసుగు మన చేతికి ఏమి ఇచ్చుచున్నది అన్నదే ప్రశ్న.

ఇక నా సంగతి ఒకటి మీ యెదుట ఒప్పుకొనవలెను.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక రాత్రి రెండు గంటలకు నా తలుపు కొట్టినారు. మేమున్న సందులో దొంగను పట్టుకొని కరెంటు స్తంభమునకు కట్టివేసినారు. ఇరువది యేండ్లు కూడ నిండని కుర్రవాడు. వీధిలో అది వాని మూడవ దొంగతనము. చుట్టు ఇరువదిమంది కర్రలతో నిలిచియున్నారు. వారిలో ఇద్దరు ప్రతి ఆదివారము మన సంఘములో పాటలు పాడు సహోదరులు. ఒకని నోటినుండి అప్పటికే, "ఈసారి స్టేషనుకు కాదు, ఇక్కడే తేల్చేద్దాం" అన్న మాట వచ్చినది. నేను వాక్యము చెప్పబోయినాను. నా మాట ఎవరును వినలేదు.

అప్పుడు ఒక విధవరాలు వచ్చినది. ఆ కుర్రవాడు ఎత్తుకొనిపోయినది ఆమె కుట్టు మిషనే. జాకెట్లు, లంగాలు కుట్టి ఇద్దరు పిల్లలను చదివించుకొను మనిషి. ఆమె జనమును తోసికొని ముందుకు వచ్చి, "కొట్టకండి బాబూ. నా మిషను ఎక్కడెట్టాడో వీడికే తెల్సు. వీడు చచ్చిపోతే నానెవుల్ని అడుగుతాను?" అన్నది. ఒకరిద్దరు నవ్వినారు. నవ్విన తరువాత కర్ర ఎత్తుట కష్టము. ఆ లోపల ఎవరో ఫోను చేయగా పోలీసులు వచ్చి వానిని తీసికొనిపోయినారు. నా ప్రసంగము చేయలేని పని ఆ తల్లి కుట్టు మిషను చేసినది.

మిషను దొరికినది. కేసు వ్రాసినారు. కుర్రవాడు బెయిలు మీద వచ్చినాడు. రెండు సంవత్సరములు దాటిన తరువాత సాక్ష్యమునకు వాయిదా పడినది. సాక్షులుగా పేర్లు వ్రాయించుకొన్నవారము నలుగురము. ఒక సహోదరుడు అప్పటికే సూరత్ వెళ్ళిపోయినాడు, కొత్త అడ్రసు ఎవరికీ ఇవ్వలేదు. ఇంకొకరు కాపురము ఎత్తివేసి టెక్కలి వెళ్ళినారు. మూడవవారు ఆ విధవరాలు. నాలుగవవాడను నేను. నాకు సమను అందినది. కాని ఆ తేదీనే శ్రీకాకుళం వైపు కూటములలో మాటలాడుటకు ఒప్పుకొనియుంటిని. దేవుని పని గదా అనుకొని కూటములకే వెళ్ళినాను.

ఆ దినమున కోర్టులో ఆమె ఒక్కతే నిలిచినది. ఒరియా సరిగా రాదు. తన మిషను పోయినదనియు తిరిగి దొరికినదనియు చెప్పగలిగినది. దానిని ఎవరి దగ్గర పట్టుకొన్నారు, ఎవరు చూచినారు అన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారము మేము. మేము లేము. తరువాతి వాయిదాకును సాక్ష్యము నిలువలేదు. కుర్రవాని మీద నేరము రుజువు కాలేదని కేసు కొట్టివేసినారు. ఆ వార్త విని, "చూచితిరా, కోర్టులు ఇట్లే ఒదిలేస్తాయి" అని నేనును అందరితో కలిసి అన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కోర్టు వానిని విడిచిపెట్టక ముందే నేను విడిచిపెట్టినాను.

లేవీయకాండము 5:1 తెరచి చదువుడి. ఒకడు చూచినవాడై, తెలిసినవాడై యుండి, సాక్ష్యమునకు పిలుపు విని నోరు మెదపక ఊరకుండిన యెడల ఆ దోషము వాడే భరించవలెనని అక్కడ వ్రాయబడియున్నది. అబద్ధసాక్ష్యము పలుకకూడదని పది ఆజ్ఞలలో చదివి, నేనెన్నడు అబద్ధము చెప్పలేదని తృప్తిపడుచున్నాము. నిజసాక్ష్యము చెప్పక దాచుటయు దోషమేనని ఈ వచనము చెప్పుచున్నది. దీని వెలుగులో మూడు సంగతులు ధ్యానింతము.

మొదటిది, కర్ర దించుడి.

నిర్గమకాండము 22వ అధ్యాయము మొదటి వచనములలో దొంగను గూర్చిన ఆశ్చర్యమైన కట్టడ ఒకటి కలదు. రాత్రివేళ కన్నము వేయుచుండగా దెబ్బ తగిలి దొంగ చచ్చిన యెడల కొట్టినవాని మీద రక్తాపరాధము లేదు. సూర్యుడు ఉదయించిన తరువాత కొట్టి చంపిన యెడల రక్తాపరాధము ఉన్నది. ఎందుకు? చీకటిలో భయమున్నది, ప్రాణము కాపాడుకొను తొందరయున్నది. తెల్లవారిన తరువాత ముఖము కనబడుచున్నది, పిలిచినచో వచ్చు మనుష్యులున్నారు. ఇప్పుడు దొంగ చేయవలసినది సొమ్ము తిరిగి చెల్లించుట. స్తంభమునకు కట్టబడినవాడు తెల్లవారిన తరువాతి దొంగయే. వానిని కొట్టుట ప్రాణరక్షణ కాదు.

జనము పొరపాటు పడదా? మన జిల్లాలోనే చూడుడి. 2019 అక్టోబరు నెలారంభమున ఖల్లికోట ప్రాంతములోని గోపాపూర్ గ్రామమున చేతబడి చేసినారన్న అనుమానముతో ఆరుగురు పెద్దవయసు మగవారిని పట్టుకొని, పళ్ళు ఊడగొట్టి, నోట చెప్పరాని మలినమును తినిపించినారు. చేసినవారు వేరే దేశస్థులు కారు, ఇరుగుపొరుగువారే. తాము గ్రామమును కాపాడుచున్నామనియే వారును అనుకొనియుందురు. తరువాత పోలీసులు చాలమందిని అరెస్టు చేసినారు.

నాగపూర్ సంగతి కొందరికి జ్ఞాపకముండును. కస్తూర్బానగర్ అను పేదల పేటను ఒకడు సంవత్సరముల తరబడి పీడించినాడు. ఫిర్యాదు చేసినను వినువారు లేరని, పట్టుబడినను మరల బెయిలు మీద వచ్చునని అక్కడి స్త్రీలు చెప్పినారు. 2004 ఆగస్టు 13న కోర్టు గదిలోనే జనము వానిని చంపివేసినది. ఆ స్త్రీల కన్నీటిని నేను తేలికగా తీసికొనను. వారి మొర వినవలసిన దినములలో ఎవరును వినలేదు. కాని ఆ మీదట ఏమైనది? పేటవాసులే ముద్దాయిలై పదేండ్లు కోర్టు చుట్టు తిరిగినారు. 2014లో సాక్ష్యము చాలక అందరి మీద కేసు కొట్టివేయబడినది. వాడు చేసిన అన్యాయములకు విచారణ లేకుండ పోయినది, వాని చావుకును జవాబు లేకుండ పోయినది. పగ తీర్చుట తన పని అని దేవుడు రోమా 12:19లో ఎందుకు చెప్పినాడో ఇందువలన తెలియుచున్నది. పగ మన చేతికి వచ్చినప్పుడు నిజము బయటికి రాదు.

రెండవది, బెయిలుకును తీర్పుకును భేదము తెలిసికొనుడి.

మనవారిలో చాలమంది బెయిలు వచ్చినదంటే కేసు పోయినదనుకొనుచున్నారు. అది నిజము కాదు. అరెస్టు చేసినవానిని 24 గంటలలోపల మేజిస్ట్రేటు యెదుట నిలువబెట్టవలెనని రాజ్యాంగమే చెప్పుచున్నది. దొంగతనము వంటి కేసులలో 60 దినములలోపల పోలీసులు చార్జిషీటు వేయని యెడల ముద్దాయికి బెయిలు అడుగు హక్కు వచ్చును. 2024 జూలై 1న పాత చట్టముల స్థానములో భారతీయ న్యాయ సంహిత, నాగరిక సురక్షా సంహిత అమలులోనికి వచ్చినను ఈ నియమము మారలేదు. బెయిలు మీద ఉన్నవాడు ఇంకను ముద్దాయియే. సాక్షులను బెదిరించిన యెడల, మరల నేరము చేసిన యెడల ఆ బెయిలు రద్దు చేయుమని అడుగవచ్చును. అడుగవలెనంటే బెదిరింపు జరిగిన దినమునే వ్రాతపూర్వకముగా తెలుపవలెను.

ఈ నియమము దొంగల కొరకు పెట్టినది కాదు. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసు సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు, నేరము రుజువైనచో పడు శిక్షకంటె ఎక్కువ కాలము బీహారు జైళ్ళలో విచారణ లేకుండ పడియున్న పేదలున్నారని దేశమునకు తెలిసినది. యోసేపును తలంచుడి. చేయని నేరమునకు చెరసాలలో పడినాడు. పానదాయకుడు మరచిపోగా ఇంకను రెండేండ్లు అక్కడే ఉన్నాడు. పౌలును ఫేలిక్సు లంచము ఆశించి రెండేండ్లు బంధకములలో ఉంచినాడని అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయము చెప్పుచున్నది. పొరుగువాని కొడుకు బయటికి వచ్చినప్పుడు మనకు కోపము. మన కొడుకును పొరపాటున పట్టుకొనిన దినమున అదే తలుపు తెరువుమని మనము మోకరింతుము.

అయినను ఆలస్యము ఆలస్యమే. దేశములో 5 కోట్లకు పైగా కేసులు పెండింగులో ఉన్నవి. దానిని మంచిదని చెప్పుట దేవునికి ఇష్టము కాదు. అందుకే ప్రభువు ఆ విధవరాలి ఉపమానము చెప్పినాడు.

మూడవది, విధవరాలివలె మరల మరల వెళ్ళుడి.

లూకా 18వ అధ్యాయములోని న్యాయాధిపతి దేవునికి భయపడడు, మనుష్యులను లక్ష్యపెట్టడు. విధవరాలికి డబ్బు లేదు, సిఫారసు లేదు. అయినను ఆమె రెండు పనులు చేయలేదు. రాయి తీసికొనలేదు. ఇంట కూర్చుండలేదు. తన ప్రతివాదితో వ్యాజ్యమును తీర్చుమని అదే వాకిటికి మరల మరల వచ్చినది. చివరకు ఆమె రాకకు విసిగి ఆ కఠినుడే న్యాయము తీర్చినాడు. విసుగక ప్రార్థించుటకు ప్రభువు ఈ ఉపమానము చెప్పినాడనుట నిజమే. కాని ఉపమానములోని స్త్రీ మోకాళ్ళ మీద మాత్రమే ఉండలేదు, కాళ్ళ మీద నడిచి వెళ్ళినది కూడ.

మన పొరుగు జిల్లా కందమాల్‌లో 2008లో మన సహోదరుల ఇండ్లు, మందిరములు కాల్చబడినవి. బాధితులు కోర్టులు ఎక్కినారు. 2016 ఆగస్టు 2న సుప్రీంకోర్టు తీర్పు చెప్పునాటికి లెక్క ఇది: నమోదైన కేసులు 827, పోలీసులు మూసివేసినవి 315, విచారణ ముగిసినవి 362, శిక్ష పడినవి 78 మాత్రమే. ఈ లెక్క చూచి ఎవరికైనను గుండె పగులును. అయినను వారు ఆ వాకిలి విడువలేదు గనుకనే, మూసిన 315 కేసులను మరల పరిశీలించుమనియు, నష్టపరిహారము పెంచుమనియు కోర్టు ఆజ్ఞ ఇచ్చినది. సంపూర్ణ న్యాయము జరిగినదని నేను చెప్పుట లేదు. వారు మౌనముగా ఉండినచో ఆ మాత్రమును రాకపోవును.

మనము పరదేశులము, మనకీ గొడవలెందుకని కొందరందురు. 1936 ఏప్రిల్ 1 వరకు ఈ గంజాం మద్రాసు రాజధానిలో భాగము. తెలుగు మాట ఇక్కడ నిన్న మొన్న వచ్చినది కాదు. నిన్ననే రైలు దిగినవానికైనను చట్టము ఒక్కటే. పౌలు ఫిలిప్పీలో అన్యాయముగా దెబ్బలు తిని, తెల్లవారిన తరువాత రహస్యముగా వెళ్ళిపొమ్మన్నప్పుడు వెళ్ళలేదు. తనకున్న హక్కును అడిగినాడు. మీరును అడుగుడి.

నేరము జరిగిన వెంటనే 112కు ఫోను చేయుడి. ఏ స్టేషనులోనైనను ఫిర్యాదు ఇవ్వవచ్చును. నేరము మా హద్దులో జరుగలేదని తిప్పి పంపుటకు వీలులేదు. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితముగా ఇచ్చుట చట్టము. తీసికొననియెడల ఎస్పీకి వ్రాసి పంపుడి, తరువాత మేజిస్ట్రేటు యొద్దకు వెళ్ళుడి. 90 దినములలోపల దర్యాప్తు ఎంతవరకు వచ్చినదో ఫిర్యాదుదారునికి తెలుపవలెనని కొత్త చట్టములో ఉన్నది. మరల మరల నేరము చేయుటకు అలవాటుపడినవానిని మేజిస్ట్రేటు యెదుటికి పిలిపించి సత్ప్రవర్తనకు పూచీకత్తు వ్రాయించుటకు చట్టము కలదు. దాని కొరకు వీధివారందరు సంతకములు చేసి అర్జీ పెట్టవచ్చును. పోయిన వస్తువు దొరికిన యెడల అది స్టేషనులోనే తుప్పు పట్టనక్కరలేదు. 15 దినములు, మహా అయితే ఒక నెలకు మించి అక్కడ ఉంచవద్దని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పినది; మేజిస్ట్రేటును అడిగి తెచ్చుకొనుడి. స్త్రీలకు, వారి ఆదాయము ఎంతైనను, ఉచితముగా వకీలును ఇచ్చుటకు న్యాయసేవా సంస్థ కలదు. దాని ఫోను నంబరు 15100.

సూరత్‌లోను, ఇతర పట్టణములలోను ఉన్న సహోదరులారా, మీకు ప్రత్యేకముగా ఒక మాట. కేసులో సాక్షిగా పేరు వ్రాయించుకొని ఊరు విడిచిన యెడల కొత్త అడ్రసును, ఫోను నంబరును తప్పక తెలియజేయుడి. కోర్టు ఒప్పుకొనినచో ఇప్పుడు వీడియో ద్వారా కూడ సాక్ష్యము చెప్పవచ్చును. సాక్షికి దారి ఖర్చు ఇప్పించుటకును చట్టములో చోటున్నది. భయమున్న సాక్షులకు రక్షణ నిమిత్తము ఒక పథకమును 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆమోదించినది. ఇవన్నియు అడిగినవారికే దొరకును.

సంఘముగా కూడ మనము చేయవలసినది ఉన్నది. ఎవరికైనను వాయిదా ఉన్న యెడల ఆదివారము ప్రకటనలలో చెప్పుడి. ఒరియా వచ్చిన సహోదరుడొకడు తోడు వెళ్ళవలెను. కూలి పోయిన దినమునకు సంఘ కానుకలలోనుండి సాయము చేయవలెను. తాళము వేసి ఊరికి వెళ్ళిన ఇంటి మీద పక్కింటివారు కన్ను వేయవలెను. ఒంటరిగా కోర్టు మెట్లు ఎక్కిన విధవరాలిని ఇంకొకమారు మనము చూడకూడదు.

ఆ తల్లి యొద్దకు వెళ్ళి నేను క్షమాపణ అడిగినాను. ఆమె కుట్టు ఆపకుండనే, "అయ్యగారూ, మీరు రానేదని నాకు కోపం నేదు. ఈసారి పిలిస్తే రండి" అన్నది. మరి కొంత సేపటికి, "ఆ కుర్రోడికి ఏదైనా పని చూపెట్టండి. నేకపోతే నా మిషను మళ్ళీ పోతాది" అన్నది. ఎఫెసీ పత్రిక 4:28లో పౌలు చెప్పినదానికి ఇంతకంటె మంచి వ్యాఖ్యానము నేను వినలేదు. దొంగిలినవాడు ఇక దొంగిలక, తన చేతులతో కష్టపడి, అక్కరలో ఉన్నవానికి పెట్టగలవాడు కావలెనని గదా అపొస్తలుని ఆశ. శిక్ష పడవలసినచోట పడనీయుడి, అది న్యాయము. శిక్ష తరువాత వానికి దారి ఉండవలెను, అది సువార్త. మన ప్రభువు సిలువ మీద పక్కనున్న దొంగతో, నీకు ఈ శిక్ష తగదని చెప్పలేదు. తగినదేనని ఆ దొంగయే ఒప్పుకొనినాడు. అయినను పరదైసు తలుపు వానికి తెరువబడినది.

ఆ కుర్రవానికి నేను చూపిన మొదటి పని నిలువలేదు. పది దినములలో మానివేసినాడు. రెండవది వెదకుచున్నాము. వాని తల్లి ఇప్పుడు అప్పుడప్పుడు ప్రార్థనకు వచ్చి వెనుక వరుసలో కూర్చుండుచున్నది. ఆమె ప్రక్కన చాప మీద కూర్చుండువారు తక్కువ. మీలో ఎవరైనను కూర్చుండగలరా?

బబులోనుకు చెరగా వెళ్ళిన ప్రజలకు యిర్మీయా వ్రాసిన పత్రికలో, మీరున్న పట్టణపు క్షేమమును వెదకుడి, దాని కొరకు ప్రార్థన చేయుడి, దాని క్షేమమే మీ క్షేమమను భావము గల మాట ఉన్నది (యిర్మీయా 29:7). ఊరు విడిచి వచ్చిన మనకు ఇది ఇచ్చిన ఆజ్ఞ. బరంపురపు క్షేమమును కర్రతో వెదకలేము. తలుపు గడియ పెట్టుకొని కూర్చుండియు వెదకలేము. సమను వచ్చిన దినమున స్నానము చేసి, ప్రార్థన చేసికొని, కోర్టుకు వెళ్ళి, చూచినది చూచినట్లు చెప్పి వచ్చుటయే ఆ వెదకుట.

ప్రార్థన: న్యాయము తీర్చు తండ్రీ, మా కోపమును నీ యెదుట పెట్టుచున్నాము. మా చేతిలోని కర్రను దించుము, మా నోటిలోని మౌనమును తీసివేయుము. దోచుకొనబడినవారి నష్టమును చూడుము. దోచుకొనుచున్నవారి మనస్సును త్రిప్పుము. పోలీసులకు, న్యాయాధిపతులకు నీ భయమును దయచేయుము. పిలుపు వచ్చిన దినమున నీ దాసులమైన మేము అక్కడ ఉండునట్లు చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.